మాంసపు గొర్రెల మందలో పుట్టు లోపాలు: పొట్టేలు దగ్గర ఎలా ఆపాలి

ఈనిన గొర్రె పక్కన నిలబడలేని పిల్లో, దవడ వంకరపోయిన పిల్లో కనబడితే కాపరి నోట మొదట వచ్చే మాట "ఈ గొర్రె మంచిది కాదు" అని. వారం తిరిగేసరికి ఆ గొర్రె సంతకు వెళ్తుంది. తండ్రి పొట్టేలు మాత్రం మందలోనే ఉండి ఇంకో పాతిక గొర్రెలను దాటుతుంది. గొర్రె ఏడాదికి ఒకటో రెండో పిల్లలను ఇస్తే, అదే ఏడాదిలో పొట్టేలు పాతిక ముప్పై పిల్లలకు తండ్రవుతుంది. లోపాన్ని మందంతా పరిచేది పొట్టేలే కాబట్టి ఆపాల్సిందీ దాని దగ్గరే. అందుకు రెండు కావాలి: ఏ పిల్ల ఏ పొట్టేలుకు పుట్టిందో రాసిన పుస్తకం, కొనేటప్పుడు పొట్టేలు వెనక కూర్చుని తడిమి చూసే ఓపిక.

మూడో ఏడు ఎందుకు బయటపడుతుంది

ప్రతి లక్షణానికీ పిల్లకు తల్లి నుంచి ఒక జన్యువు, తండ్రి నుంచి ఒక జన్యువు వస్తాయి. పిల్ల ప్రాణం తీసే లోపాల్లో చాలావరకు రెండు వైపుల నుంచీ చెడు జన్యువు వచ్చినప్పుడే కనబడతాయి. ఒక వైపు నుంచే వస్తే ఆ జీవం నిక్షేపంగా ఉంటుంది, బాగా పెరుగుతుంది, బాగా ఈనుతుంది. కానీ తన పిల్లల్లో సగానికి ఆ జన్యువును అంటిస్తుంది. దీన్ని లోపం మోసే జీవం అందాం.

అలాంటి పొట్టేలు శుభ్రమైన మందలోకి వచ్చిందనుకోండి. మొదటి ఏడాది ఒక్క పిల్ల కూడా చెడదు, కానీ పుట్టిన పిల్లల్లో సగం లోపాన్ని మోస్తుంటాయి. వాటిలో ఆడవాటిని మందకు నిలుపుకుంటారు. రెండో ఏడు చివరికి అవి ఎదకు వస్తాయి. పాత పొట్టేలు ఇంకా మందలోనే ఉంటే తన కూతుళ్లనే దాటుతుంది. ఆ కూతుళ్లలో సగం లోపం మోసేవి, అలాంటి జతకు పుట్టే నాలుగు పిల్లల్లో ఒకటి చెడుతుంది. మొత్తం మీద ఆ కూతుళ్లు ఈనే ఎనిమిది పిల్లల్లో ఒకటి. అంటే పొట్టేలు వచ్చిన మూడో ఏటికి గానీ తొలి చెడు పిల్ల పుట్టదు. అప్పటికి మూడేళ్లుగా బాగా పనిచేస్తున్న పొట్టేలు మీద ఎవరికీ అనుమానం రాదు.

పశువుల్లో దీనికి పెద్ద ఉదాహరణ అమెరికా ఆంగస్ మాంసపు పశువులది. కాళ్లు బిగుసుకుపోయి, వెన్ను వంకర తిరిగి చచ్చి పుట్టే దూడలను 2008లో వంశావళి పట్టుకుని వెనక్కి వెతికితే, దారులన్నీ జీఏఆర్ ప్రెసిషన్ 1680 అనే పేరున్న ఆబోతు దగ్గర కలిశాయి. దాని వీర్యం కృత్రిమ గర్భధారణ ద్వారా చాలా మందల్లోకి వెళ్లింది. నెలల్లోనే డీఎన్ఏ పరీక్ష తయారవడంతో ఏ ఆవు లోపం మోస్తోందో, ఏది శుభ్రమో తేలింది, మందలను మొత్తంగా అమ్ముకునే అవసరం తప్పింది. ఆ పరీక్ష కుదరడానికి కారణం వాళ్ల దగ్గర తల్లి, తండ్రి, తాత పేర్లు రాసి ఉండటమే. మన గొర్రెల్లో మామూలుగా కనబడే దవడ లోపానికి గానీ, బీజం (వృషణం) కిందికి దిగకపోవడానికి గానీ అలా రక్తం ఇచ్చి తేల్చుకునే పరీక్ష లేదు. మనకు పుస్తకమే పరీక్ష.

ముందు అది వంశం నుంచి వచ్చిందో కాదో తేల్చండి

ఇక్కడ తొందరపడితే మంచి పొట్టేలును పోగొట్టుకుంటారు. చెడు పిల్ల పుట్టిన ప్రతిసారీ తప్పు వంశానిది కాదు. మన ప్రాంతంలో అచ్చం పుట్టు లోపంలా కనిపించే కారణాలు కొన్ని ఉన్నాయి.

అన్నిటికంటే ఎక్కువగా మనవాళ్లు గుర్తించనిది నట్టల మందు. అల్బెండజోల్‌ను చూడి కట్టిన మొదటి నెలలో తాగిస్తే పిల్ల ఎముకలు, కాళ్లు వంకరగా ఏర్పడే ప్రమాదం ఉంది. ఏడాది పొడవునా పొట్టేళ్లు తిరిగే మందలో ఏ రోజు మందు తాగించినా అప్పుడే కట్టిన గొర్రెలు కొన్ని ఉండే ఉంటాయి. అందుకే పొట్టేళ్లను కలపడానికి రెండు మూడు వారాల ముందే నట్టల మందు తాగించి, తర్వాత పొట్టేళ్లను వేరుచేసి నెల దాటేవరకు అల్బెండజోల్ ముట్టకండి. మధ్యలో తప్పనిసరైతే ఫెన్‌బెండజోల్ లాంటిది వాడొచ్చేమో పశువైద్యుణ్ణి అడగండి. మందు తాగించిన తేదీ నుంచి అయిదు నెలలు లెక్కగట్టి చూస్తే, వంకర కాళ్ల పిల్లలన్నీ ఒకే పది పదిహేను రోజుల్లో పుట్టాయా లేదా అన్నది తెలిసిపోతుంది.

రాగి లోపం ఉన్న గొర్రెలకు పుట్టిన పిల్లలు నడుం ఊగుతూ, వెనక కాళ్లు ఈడుస్తూ నడుస్తాయి. కొన్ని పుట్టినప్పుడు బాగానే ఉండి వారాల తర్వాత పడిపోతాయి. దీనికి మైలుతుత్తం నీళ్లు సొంతంగా తాగించడం చాలా ప్రమాదం. గొర్రె ఒంట్లో రాగి కాలేయంలో పేరుకుపోయి, ఒక్కసారిగా ఎర్ర మూత్రం, పచ్చకామెర్లతో ప్రాణం తీస్తుంది. రక్తపరీక్ష చేయించాకే రాగి ఇవ్వాలి. మెడ కింద ఉబ్బుతో పిల్లలు పుడితే అయోడిన్ కొరత చూడాలి, సుబాబుల్ ఆకు ఎక్కువగా మేపారేమో కూడా చూడాలి. ఆ ఆకులోని మైమోసిన్ థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది. అలవాటు లేని మందకు సుబాబుల్‌ను మేతలో మూడో వంతు దాటనివ్వకండి. చూడి తొలి నెలల్లో నీలి నాలుక వ్యాధి సోకిన గొర్రెకు మెదడు సరిగా ఎదగని పిల్ల పుట్టవచ్చు. అది పొదుగు కూడా వెతుక్కోలేక తిరుగుతుంటుంది. పెద్ద పిల్ల కడుపులో ఇరుకుగా ముడుచుకుని ఉండి ముందు కాళ్లు వంగి పుట్టడం మరొకటి. ఇది మూడు నాలుగు రోజుల్లో తనంతట తానే సర్దుకుంటుంది.

తేడా పట్టే పద్ధతి ఇది. మేత, మందు, రోగం వల్ల వచ్చేవి గుంపుగా, ఒకే కాలంలో, పొట్టేలుతో సంబంధం లేకుండా వస్తాయి. వంశం నుంచి వచ్చేవి ఒకటీ అరాగా, ఈతల కాలమంతా చెదురుగా, ఒకే పొట్టేలు పిల్లల్లో, ముఖ్యంగా దాని కూతుళ్లు, అక్కచెల్లెళ్లు ఈనినప్పుడు వస్తాయి. రెండు వేర్వేరు ఈతల కాలాల్లో అదే పొట్టేలుకు అదే లోపం మళ్లీ పుడితే ఇక వంశం లోపమనే లెక్కపెట్టి నడుచుకోండి.

చెడు పిల్ల పుట్టిన పూట

పారేయకండి, పూడ్చకండి. చేతికి గ్లవ్స్ వేసుకున్నాకే పిల్లనూ మాయనూ ముట్టుకోండి, ఎందుకంటే ఈసుకుపోయిన గొర్రెల నుంచి బ్రూసెల్లా అనే రోగం మనుషులకూ అంటుతుంది. ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీయండి: నోరు మూసి పక్క నుంచి ముఖం, నాలుగు కాళ్లు కనబడేలా ఒకటి, వెన్ను పైనుంచి, తోక ఎత్తి వెనక నుంచి. ఫొటోలో తల్లి చెవి ట్యాగు నంబరు రాసిన కాగితం కూడా పడాలి. అది లేకపోతే రెండు నెలల తర్వాత ఏ ఫొటో ఏ పిల్లదో మీకే గుర్తుండదు.

చచ్చిన పిల్లనూ మాయనూ ప్లాస్టిక్ సంచుల్లో విడివిడిగా కట్టి, ఐసు వేసిన పెట్టెలో అదే రోజు జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు చేర్చండి. ఫ్రీజర్‌లో గడ్డ కట్టించకూడదు. గడ్డకట్టి కరిగిన మెదడు, కండరం పరీక్షకు పనికిరావు. పంపే ముందు చెవి అంచు నుంచి పెసరగింజంత ముక్క కోసి, స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేసి, నంబరు పెన్సిల్‌తో రాసి దాచండి. స్పిరిట్ తగిలితే పెన్ను సిరా చెరిగిపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది. తల్లి చెవి ముక్క, తండ్రి చెవి ముక్క కూడా ఇలాగే తీసి పెట్టండి. రేపు ఏ విశ్వవిద్యాలయమో ఆ లోపం మీద పనిచేస్తే మీ మందకు దారి చూపేవి ఈ మూడు సీసాలే.

ఏ పిల్ల ఎవరిదో తెలియాలంటే

నలుగురి జీవాలు కలిసి మేసే మందలో ఆరు పొట్టేళ్లు తిరుగుతుంటే తండ్రి ఎవరో చెప్పడం ఎవరివల్లా కాదు. దీనికి ఖర్చు లేని ఏర్పాటు ఉంది. పొట్టేళ్లను పగలు మేతకు తోలకండి. దొడ్డిని తడికెలతో గదులుగా చేసి, సాయంత్రం మంద వచ్చాక ఒక్కో గదిలో 25 నుంచి 30 గొర్రెలకు ఒక్క పొట్టేలును వదలండి. తెల్లారి మేతకు పోయేముందు పొట్టేలును తీసి కట్టేయండి. గొర్రెకు ఎద 16, 17 రోజులకోసారి వస్తుంది కాబట్టి 51 రోజులు ఉంచితే మూడు ఎదలు దొరుకుతాయి. ఏ గొర్రె ఏ గదిదో తెలియడానికి గదికో రంగు చొప్పున వీపు మీద పెయింటు గీత పెట్టండి. ఒక్క రాత్రి గదులు కలిసిపోయినా ఆ ఏడాది లెక్క పోయినట్టే.

పొట్టేలు రొమ్ముకు జాజును నూనెలో కలిపి దట్టంగా పూయండి. అది దాటిన గొర్రె నడుం మీద ఎర్ర మరక పడుతుంది. ఆ తేదీ రాసుకుంటే 147 రోజులకు అటూ ఇటూగా ఈత. 17 రోజులకోసారి రంగు మార్చండి, లేత రంగు నుంచి ముదురు రంగుకు. మొదటి రంగు పడిన గొర్రెల్లో ఎక్కువ భాగానికి రెండో రంగు కూడా పడితే పొట్టేలు కట్టించలేకపోతోందని అర్థం, దాన్ని వెంటనే మార్చండి. కొత్త పొట్టేలును కలపడానికి మధ్యలో మూడు వారాలు ఖాళీ ఇవ్వండి. చూడి రోజులు గొర్రెను బట్టి కొద్దిగా మారతాయి, ఆ ఖాళీ లేకపోతే పాతదాని చివరి పిల్లలు, కొత్తదాని తొలి పిల్లలు కలిసిపోతాయి.

దొంగతనంగా దాటేవి రెండున్నాయి, వీటిని మర్చిపోతే పైన చేసిందంతా వృథా. ఒకటి, మందలోనే తిరిగే పోతు పిల్లలు. అయిదారు నెలలకే అవి తల్లినీ చెల్లెళ్లనూ దాటగలవు. మూడు నెలలు నిండి పాలు మరిచిన వెంటనే వేరుచేయాలి, లేదా బీజాలు కొట్టించాలి. రెండోది మొక్కు పొట్టేలు. ఎల్లమ్మకో పోలేరమ్మకో మొక్కుకున్న పొట్టేలును జాతరదాకా కోయరు, అమ్మరు, అది మందలో యథేచ్ఛగా తిరుగుతుంది. మొక్కును గౌరవిస్తూనే దాన్ని విడిగా కట్టి మేపండి. తోలక తప్పకపోతే పొట్ట కింద గోనెగుడ్డ వేలాడేలా కట్టి, అది జారిందేమో రోజూ చూడండి.

పుస్తకంలో ఒక్కో పిల్లకు ఒక్క వరస చాలు: పుట్టిన తేదీ, పిల్ల నంబరు, ఆడో మగో, తల్లి నంబరు, తండ్రి నంబరు, పుట్టినప్పుడు ఏమైనా తేడా, మూడు నెలలకు నోరూ బీజాల పరిస్థితి. చివరి గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు. దవడ లోపం, బీజం దిగకపోవడం అప్పుడే తేటగా కనబడతాయి.

పొట్టేలును కొనేటప్పుడు

నోటితో మొదలుపెట్టండి. పొట్టేలును గోడకు ఆనించి పట్టుకుని, నోరు తనంతట తాను మూసుకునే వరకు ఆగండి. బలవంతంగా తెరిచి చూస్తే కింది దవడ పక్కకు జరుగుతుంది, ఉన్న లోపం కనబడదు, లేనిది కనబడుతుంది. నోరు మూసి ఉండగానే బొటనవేలితో పెదవి ఎత్తండి. గొర్రెకు పైన ముందు పళ్లుండవు, గట్టి చిగురు ఉంటుంది. కింది పళ్ల అంచు సరిగ్గా ఆ చిగురుకు తగలాలి. ముందుకు పొడుచుకొచ్చినా, వెనక్కి పోయి అంగిలికి తగిలినా వద్దు. అలాంటి జీవం కొట్టంలో దాణా తిని బాగానే ఉంటుంది, ఎండాకాలం బీడులో పొట్టి గడ్డి కొరకలేక చిక్కిపోతుంది. పాల పళ్ల వయసులో సరిగా ఉన్న దవడ తర్వాత మారవచ్చు కాబట్టి రెండు శాశ్వత పళ్లు వేశాక మరోసారి చూడాలి.

తర్వాత వెనక కూర్చుని రెండు చేతులతో బీజాల సంచిని పై నుంచి కిందికి మెల్లగా తడమండి. రెండు బీజాలూ కిందికి దిగి, ఒకే పరిమాణంలో, బిగువుగా, అటూ ఇటూ జారుతూ ఉండాలి. ఒకటి గట్టిపడి ఉంటే పాత రోగం అయుండవచ్చు. ఒక్క బీజమే దిగిన పొట్టేలు విషయంలో "ఒకటున్నా కడుతుంది కదా" అంటారు. నిజమే, కడుతుంది, ప్రమాదం కూడా అందులోనే ఉంది. రెండూ దిగనిది ఎలాగూ పిల్లలను ఇవ్వదు, దాని లోపం దానితోనే పోతుంది. ఒకటి దిగినది మందంతటికీ అంటిస్తుంది. ఈ లోపం మగవాటిలోనే కనబడినా ఆడవి కూడా మోస్తాయి. అందుకే అలాంటి పిల్ల పుట్టిన తల్లి కడుపున పుట్టిన మరే పోతు పిల్లనూ విత్తనానికి ఉంచకండి.

ఆపైన కళ్లు చూడండి. కింది రెప్ప లోపలికి మడిచి వెంట్రుకలు గుడ్డుకు రాసుకుంటే కన్ను నీరు కారి పాలపొర కమ్ముతుంది. చిన్నప్పుడు రెప్ప సరిచేయించి పెంచి మాంసానికి అమ్మొచ్చు, విత్తనానికి వద్దు. బొడ్డు దగ్గర వేలితో నొక్కితే లోపలికి పోయే ఉబ్బు, సంచి పైభాగంలో పేగు జారిన ఉబ్బు కూడా అంతే. మలద్వారం లేకుండా పుట్టి ఆపరేషన్‌తో బతికిన పిల్లను ఎంత బాగా పెరిగినా మందకు నిలపకండి.

రంగూ ఎత్తూ చూసి మనసు పారేసుకోకండి. మధ్య ఆసియా కరాకుల్ గొర్రెల్లో బూడిద రంగుకు గిరాకీ ఎక్కువ. బూడిద రంగు పొట్టేలును బూడిద రంగు గొర్రెతో కలిపితే, రెండు వైపుల నుంచీ ఆ జన్యువు వచ్చిన పిల్లలు నెలల వయసులోనే చనిపోతాయి. మన నెల్లూరు జాతి జోడిపి పొట్టేలు కంటి చుట్టూ నలుపు ఎంత అందంగా ఉన్నా, నోరూ బీజాలూ చూశాకే బయానా ఇవ్వండి. వీలైతే దాని తల్లిని, అదే తండ్రికి పుట్టిన ఇంకో నాలుగు పిల్లలను కూడా చూపించమనండి.

లోపం మోస్తోందని తేలాక ఎవరిని ఉంచాలి, ఎవరిని అమ్మాలి

రెండు వైపుల నుంచీ రావలసిన లోపమైతే, చెడు పిల్ల పుట్టిందంటే తల్లీ తండ్రీ ఇద్దరూ మోస్తున్నట్టే. పొట్టేలును మాంసానికి అమ్మేయండి. దాని మాంసానికి ఏ దోషమూ ఉండదు. దాని కొడుకుల్లో ఒక్కటి కూడా విత్తనానికి ఉండకూడదు, ఎంత మేలైనదైనా సరే. కూతుళ్లను తెగనమ్ముకోనక్కర్లేదు. వాటిలో సగం శుభ్రమైనవే, ఏవో తెలియదంతే. సంబంధం లేని మంద నుంచి తెచ్చిన శుభ్రమైన పొట్టేలుతో దాటిస్తే చెడు పిల్లలు పుట్టవు, మోసేవి ఆ కూతుళ్లలో సగం, వాటి పిల్లల్లో పావు, ఆపైన ఎనిమిదో వంతుగా తగ్గుతూ పోతాయి. చెడు పిల్లను ఈనిన తల్లి పాలు బాగా ఇచ్చేదైతే ఉంచి, దాని పిల్లలన్నిటినీ మాంసానికే అమ్మండి. చెడు పిల్లకు సొంత తోబుట్టువులుగా బాగా పుట్టినవాటిలో మూడింట రెండు లోపం మోసేవే.

పొట్టేళ్లను పెంచి అమ్మేవాళ్లు, అంటే నలుగురికీ విత్తనం ఇచ్చేవాళ్లు ఇంకో అడుగు వేయాలి. చెడు పిల్లలను ఈనిన గొర్రెలను విడిగా ఉంచి, కొత్త పొట్టేలును వాటితో దాటించండి. 11 పిల్లలు వరసగా బాగా పుడితే ఆ పొట్టేలు ఆ లోపం మోయడం లేదని 95 శాతం నమ్మవచ్చు, 16 పుడితే 99 శాతం. అలాంటి గొర్రెలు లేకపోతే పొట్టేలును దాని కూతుళ్లతోనే దాటించి చూడొచ్చు, కానీ అప్పుడు 23 పిల్లలు కావాలి, 99 శాతానికి 35. ఈ పద్ధతిలో దానికి ఇంకే లోపం దాగి ఉన్నా బయటపడుతుంది. మధ్యలో ఒక్క చెడు పిల్ల పుట్టినా పరీక్ష అక్కడితో ముగిసింది. మామూలు మాంసపు మందకు ఇంత అవసరం లేదు, పొట్టేలును మార్చడమే చవక.

ఎప్పుడు మార్చాలి, ఎక్కడి నుంచి తేవాలి

పొట్టేలు వచ్చిన అయిదు నెలలకు దాని తొలి పిల్లలు పుడతాయి, ఆ తర్వాత ఏడాది తిరిగేసరికి కూతుళ్లు ఎదకు వస్తాయి. అందుకే రెండేళ్లకు మించి ఒకే మందలో ఉంచకండి. బాగా మేపిన మందలో ఏడాదిన్నరకే మార్చాల్సి రావచ్చు. తెలంగాణలో 2017లో మొదలైన పంపిణీ పథకంలో ఇచ్చినట్టు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఉన్న చిన్న మందలో బయటి రక్తం కలపకుండా పెంచుకుంటూ పోతే, దగ్గర సంబంధం తరానికి 13 శాతం చొప్పున పెరుగుతుంది. ఇది సవతి అన్నాచెల్లెళ్లను కలిపినదానితో దాదాపు సమానం. 100 గొర్రెలకు నాలుగు పొట్టేళ్లున్న మందలో అది 3 శాతానికి కాస్త ఎక్కువ. చిన్న మంద ఉన్నవాళ్లకే మార్పిడి మరింత అవసరం.

పక్క ఊరితో పొట్టేళ్లు మార్చుకోవడం మంచిదే, కానీ దిశ లేకుండా మార్చుకుంటే మూడేళ్లకు మీ పొట్టేలు మనవడే మీ దొడ్డికి తిరిగి వస్తుంది. సంబంధం లేని నాలుగైదు మందల వాళ్లు ఒక మాట అనుకోండి. ఒకటో మంద కొడుకు రెండో మందకు, రెండోది మూడోదానికి, చివరిది ఒకటోదానికి, ఎప్పుడూ అదే వరసలో. ఏ మందలో చెడు పిల్ల పుట్టినా మిగతావాళ్లకు అదే వారం చెప్పాలి. చెప్పకుండా దాచి, మోస్తుందని తెలిసిన పొట్టేలును విత్తనం పేరుతో తోటి కాపరికి అమ్మడం అతని మూడేళ్ల ఈతలు దోచుకోవడమే.

మేకలూ కలిపి పెంచేవాళ్లకు ఒక మాట. సానెన్, ఆల్పైన్ జాతుల్లో బోడి పోతును బోడి మేకతో కలిపితే కొన్ని ఆడపిల్లలు ఆడా మగా కాని అవయవాలతో గొడ్డుగా పుడతాయి. ఆ రక్తం ఉన్న మందలో జతలో ఒకదానికైనా కొమ్ములుండేలా చూసుకోండి.

కొత్త పొట్టేలును తెచ్చిన రోజే మందలో వదలకండి. మూడు వారాలు విడిగా కట్టి, పీపీఆర్ (పారుడు రోగం), బొబ్బ రోగం టీకాలు వేశారో లేదో కనుక్కుని, బ్రూసెల్లా రక్తపరీక్ష చేయించండి. ఆ మూడు వారాల్లో నోరు, బీజాలు, కళ్లు ఇంకోసారి చూసి, చెవి ముక్క సీసాలో వేసి, పుస్తకంలో దానికో కొత్త పేజీ తెరవండి.